మంత్రిగారి చల్లటి ప్యాంటు

"ప్రజలకు ఉక్కపోస్తున్నది కరెంటు లేక కాదు. సరైన ప్యాంటు లేక."

విద్యుత్ శాఖ మంత్రిగారు ఈ మాట అన్నప్పుడు విలేకరుల సమావేశంలో రాసుకుంటున్నవాళ్ళంతా కలాలు ఆపి తలెత్తారు. అంతటి మాట చెవినపడితే ఎవరైనా తలెత్తాల్సిందే. ఎండలు మండిపోతున్నాయి. పగటిపూట సగం వీధులకు కరెంటు ఉండటం లేదు. దీనికి కారణం బొగ్గు అనీ, నీళ్ళు అనీ, పాతబడిన తీగలు అనీ మేధావులు ఎవరికి తోచింది వాళ్ళు రాస్తున్నారు. వాళ్ళలో ఒక్కరి చూపు కూడా నడుము కిందికి దిగలేదు. మంత్రిగారి చూపు దిగింది.

ఆయన కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి ముందుకొచ్చి నిలబడ్డారు. లేత బూడిదరంగు ప్యాంటు, పల్చగా, వదులుగా, కాళ్ళ చుట్టూ ఊగుతోంది.

"దీని పేరు కూల్ ప్యాంటు. మన ప్రభుత్వ వస్త్ర సంస్థ తయారుచేసింది. తొడుక్కుంటే లోపల గాలి ఆడుతుంది. చెమట అనే మాట ఉండదు. ఇది తొడుక్కున్న రోజునే నా పేషీలో ఏసీ ఆపించేశాను. ఫ్యాను కూడా ఏదో మొహమాటానికి తిరుగుతోంది."

"మరి ఆడవాళ్ళకో సార్?" అని వెనక నుంచి ఒకావిడ అడిగింది.

"కమిటీ వేశాం."

"కమిటీలో ఎవరున్నారు సార్?"

"అందరూ మగవాళ్ళే. నిష్పాక్షికంగా ఉంటుందని."

ఆ వెంటనే ఆయన కూల్ ప్యాంటు సవాల్‌ను ప్రకటించారు. ముందు ఆయన సోషల్ మీడియాలో ప్యాంటుతో ఫొటో పెడతారు. తరవాత కార్యకర్తలు పెట్టాలి, అధికారులు పెట్టాలి. ప్రజలు కూడా పెట్టుకోవచ్చు, కాకపోతే ప్యాంటు ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి.

గది మూలన రెండు ఫోన్లు పట్టుకుని నిలబడ్డ మనిషి ఇదంతా చిత్రీకరిస్తున్నాడు. మంత్రిగారి సోషల్ మీడియా చూసే ఉద్యోగి అతను. పేషీలో అందరూ ఫిల్టరు అంటారు. మంత్రిగారి ముఖం మీది ముడతలన్నీ ఫోన్లోనే ఇస్త్రీ చేసి, ఆయన్ను సొంత కొడుక్కి తమ్ముడిలా నిలబెట్టిన ఘనత అతనిది. మంత్రిగారి పోస్టులన్నీ అతనే రాస్తాడు. శుభాకాంక్షలు కానీ, సంతాపం కానీ, ప్రతి పోస్టు చివరా ఒకే వాక్యం ఉంటుంది: "మంత్రిగారి తలుపులు ప్రజలకు ఎప్పుడూ తెరిచే ఉంటాయి." ఆ వాక్యం మంత్రిగారికి మహా ఇష్టం. రాసి రాసి ఇప్పుడు మొదటి అక్షరం నొక్కితే చాలు, మిగతాది ఫోనే పూర్తి చేస్తుంది. అసలు తలుపు దగ్గర మాత్రం ప్యూను స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఆ తలుపు తెరిచి ఉండగా చూసినవాళ్ళు తక్కువ.

రెండు ఫోన్లలో ఒకటి వణికింది. ఇంటి నుంచి.

"ఏమండీ, మళ్ళీ పోయింది," అంది భార్య.

"వచ్చేస్తుందిలే."

"రావడం కాదు. మూలమీది ట్రాన్స్‌ఫార్మరు గురక పెడుతోంది. మధ్యాహ్నమైతే దాని పక్కన నిలబడలేకపోతున్నారంట. అది గనక కాలిపోయిందంటే మన పని అంతే. ఇంతకీ మీరు పనిచేసేది కరెంటు మంత్రి దగ్గరేనా, ఇంకెవరి దగ్గరైనా చేస్తున్నారా?"

ఆమెకు తొమ్మిదో నెల. ఉండేది పై అంతస్తులో, ఎండంతా నెత్తిమీదే. పాదాలు వాచిపోయాయి. వేడి తగలనివ్వొద్దు, బీపీ పెరిగితే బిడ్డకి ప్రమాదం అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పురుడు పోయడానికి వచ్చిన అత్తగారు రోజంతా కూతురికి విసురుతూ కూర్చుంటోంది.

"చెబుతాను. ఇవాళే ఇంజినీరుగారికి చెబుతాను," అన్నాడు ఫిల్టరు.

అతనికి భార్య అంటే ప్రాణం, ఉద్యోగం అంటే భయం. ప్రాణమేమో ఇంట్లో ఉంటుంది, భయమేమో ఎదురుగా కూర్చుని ఉంటుంది. అందుచేత ఇంటి పని ఎప్పుడూ రేపటికి జరిగేది.

పేషీకి రాగానే ఫొటో పని మొదలైంది. అక్కడో చిక్కు వచ్చిపడింది. రాజకీయాల్లోకి వచ్చినప్పటి నుంచీ మంత్రిగారి ఫొటోలన్నీ నడుము పైవే. కిందిభాగం ఎప్పుడూ బల్ల చాటునో, మైకుల చాటునో, జనం చాటునో ఉండిపోయింది. కెమెరా ముందు చేతులు ఏం చెయ్యాలో ఆయనకు బాగా తెలుసు: ఒకటి ఊపాలి, ఇంకోటి ఎవరి భుజం మీదైనా వెయ్యాలి. కాళ్ళ సంగతే ఎవరూ నేర్పలేదు.

"వేలితో చూపించనా?" అన్నారు మంత్రిగారు.

"వేలు పెడితే వేరే అర్థం వస్తుందేమో సార్."

"మరేం చెయ్యమంటావు?"

"నడవండి సార్. మామూలుగా."

మంత్రిగారు మామూలుగా నడిచారు. మామూలుగా నడవమంటే ఎవరైనా ఎలా నడుస్తారో అలాగే నడిచారు. కుడిచెయ్యి, కుడికాలు కలిసి ముందుకొచ్చాయి. చివరికి ఒక కాలు కుర్చీమీద పెట్టించి, మోకాలి మీద చెయ్యి వేయించి, కిటికీలోంచి దేశ భవిష్యత్తు వైపు చూడమన్నాడు ఫిల్టరు. అది కుదిరింది.

వీడియోలో మంత్రిగారు, "మిత్రులారా, ఎంత హాయిగా ఉందో మాటల్లో చెప్పలేను," అన్నారు. నిజమే, చెప్పలేకపోయారు. ఆ రోజు ఏసీ నిజంగానే ఆపి ఉంది. నుదుటి మీద పుట్టిన చెమట ముక్కు మీదుగా గడ్డానికి దిగి, టప్‌మని ప్యాంటు మీద పడి నల్లటి మచ్చ చేసింది. ఫిల్టరు ముడతలు తీసెయ్యగలడు కానీ, పారుతున్న చెమటకు అతని దగ్గర మందు లేదు.

కామెంట్లు వచ్చాయి. "ప్యాంటు అంత చల్లగా ఉంటే దాంతోనే మొహం తుడుచుకోండి సార్," అన్నాడొకడు. "నడుముకి కింద చలికాలం, పైన వేసవి," అన్నాడు ఇంకొకడు. "మా వీధిలో కరెంటు లేదు, ఫోన్లో ఛార్జింగు అయిపోయేలోపు ఈ ప్యాంటు ఎక్కడ దొరుకుతుందో చెప్పండి," అని మూడోవాడు అడిగాడు. మంత్రిగారికి మూడో కామెంటు నచ్చింది.

"చూశావా, ప్రజల్లో ఎంత తపన ఉందో," అన్నారు.

మర్నాడు పేషీలోకి నిలువెత్తు ఏసీ ఒకటి వచ్చింది. దాన్ని మూలన నిలబెట్టి, ముందు ఒక తెర వేలాడదీశారు. తెర మీద చేతులు జోడించిన మంత్రిగారి బొమ్మ. ఇటు గోడమీది పాత ఏసీకి "ప్రజల కోసం ఆపివేయబడినది" అని బోర్డు తగిలించారు. ఏ రోజూ దాచకుండా ఆ బోర్డు అందరికీ చూపించారు. తెర వెనక ఏసీ వీస్తుంటే బొమ్మలోని మంత్రిగారి పొట్ట ఊపిరి పీలుస్తున్నట్టు లేచి పడుతూ ఉండేది. కుర్చీలోని మంత్రిగారి ముఖం మీద ఇక చెమట కనిపించలేదు.

సవాల్ ఊపందుకుంది. పార్టీ కార్యకర్తలు నిలబడి, కూర్చుని, గోడలెక్కి ప్యాంట్లు చూపించారు. ఒకాయన తలకిందులుగా నిలబడి రెండు కాళ్ళూ ఆకాశానికి చూపిస్తూ "గాలి ఇటువైపు నుంచి కూడా ఆడుతోంది" అని రాశాడు. సెలవులో ఉన్న ఒక అధికారి, గైర్హాజరు వెయ్యకుండా ఉండాలని హ్యాంగరుకు తగిలించిన ఉత్త ప్యాంటు ఫొటో పంపాడు. ఆ వారం విద్యుత్ శాఖలో విద్యుత్తు తప్ప మిగతావన్నీ సక్రమంగా సరఫరా అయ్యాయి.

ఇది ఓర్వలేక ప్రతిపక్ష నాయకుడు ఒక ప్రశ్న వేశాడు. "ప్యాంటు కనిపిస్తోంది సరే. చల్లదనం ఎక్కడ కనిపిస్తోంది? రుజువు చూపించండి."

మంత్రిగారి మనసు నొచ్చుకుంది. "నా ప్యాంటునే శంకిస్తాడా?" అంటూ ఆ పూట కాఫీ కూడా ముట్టుకోలేదు. ఫిల్టరుకు ఆయన బాధ చూడబుద్ధి కాలేదు. శాఖవాళ్ళ దగ్గర ఒక థర్మల్ కెమెరా ఉందనీ, అందులోంచి చూస్తే వేడి వస్తువులు ఎర్రగా, చల్లటివి నీలంగా కనిపిస్తాయనీ చెప్పాడు. చెప్పేదాకా అది ఎంత గొప్ప ఆలోచనో అతనికే తెలియదు.

మంత్రిగారు లేచి నిలబడ్డారు. "నీలం మన పార్టీ రంగు," అన్నారు.

పెద్ద ఇంజినీరును పిలిపించారు. ఆయన పదవీ విరమణకు దగ్గరపడ్డ మనిషి, దేనికీ గట్టిగా మాట్లాడడు.

"అది ట్రాన్స్‌ఫార్మర్లు చూసే కెమెరా సార్," అన్నాడు. "ఏది వేడెక్కి కాలిపోబోతోందో ముందే తెలుస్తుంది. ఊరంతటికీ ఉన్నది అదొక్కటే. వేసవిలో ఒక్కపూట ఖాళీ ఉండదు."

"ట్రాన్స్‌ఫార్మర్లు సోషల్ మీడియాలో ఉన్నాయా?"

"లేవు సార్."

"నేనున్నాను."

ఇంజినీరు ఫిల్టరు వైపు తిరిగి, "రేపు మీ వీధి వంతే కదండీ," అన్నాడు నెమ్మదిగా. "మీరే పోరుపెట్టి ముందుకు జరిపించుకున్నారు."

నిజమే. భార్యకిచ్చిన మాటల్లో అతను నిలబెట్టుకోబోతున్న మాట అదొక్కటే.

"ఏదో వీధంటున్నాడు, ఏంటయ్యా?" అన్నారు మంత్రిగారు. "ఈ లైవ్ గనక హిట్టయిందంటే నీ ఉద్యోగం పర్మనెంటు చేయిస్తా. ఏం వీధది?"

ఫిల్టరు నోరు తెరిచాడు. వాచిపోయిన పాదాలు కళ్ళముందు మెదిలాయి. పక్కనే పర్మనెంటు అన్న మాట కూడా మెదిలింది. బిడ్డ పుట్టాక ఆ మాటే కదా తిండి పెట్టేది అనుకున్నాడు.

"పెద్ద వీధేం కాదు సార్," అన్నాడు.

కెమెరా వచ్చింది. రిహార్సల్‌కు మంత్రిగారు ప్యాంటు తొడుక్కుని గది మధ్యలో నిలబడ్డారు. ఫిల్టరు కెమెరా ఎత్తి చూశాడు. కెమెరాలో రెండు కాళ్ళూ నిప్పుకణికల్లా వెలిగిపోతున్నాయి.

"ఎర్రగా ఉందేంటయ్యా? అది ప్రతిపక్షం రంగు."

"లోపల మీరున్నారు కదండీ," అన్నాడు ఇంజినీరు. "మనిషి వేడిగానే ఉంటాడు."

"అయితే నేను లేకుండా చూపించలేమా?"

"ప్యాంటు ఒక్కటే నడిచిరావడం బాగుండదు సార్," అన్నాడు ఫిల్టరు.

మంత్రిగారు ఆలోచించారు. దేశంలో ఇంకెవరికీ తట్టని పరిష్కారం ఆయనకే తట్టింది. పేషీలోని ఫ్రిజ్‌లో చోటు చేయించి, మంచినీళ్ళ సీసాల మధ్య ప్యాంటును మడతపెట్టి ఉంచారు. మంచులా చల్లబడ్డాక తీసి తొడుక్కున్నారు. తొడుక్కుంటున్నప్పుడు తలుపు అవతల నుంచి వచ్చిన శబ్దాన్ని బట్టి ప్యాంటు చాలా బాగా పనిచేస్తోందని అందరికీ అర్థమైంది. బయటికొచ్చాక కెమెరాలో కాళ్ళు నీలంగా కనిపించాయి. ఎక్కువసేపు కాదు. అందుకని ఇంకో ప్యాంటును కూడా ఫ్రిజ్‌లో సిద్ధంగా పెట్టారు.

"బాగానే ఉంది కానీ," అన్నారు మంత్రిగారు పళ్ళు టకటకలాడిస్తూ, "మాటిమాటికీ బాత్రూంకి వెళ్ళాల్సొస్తోంది."

లైవ్ మిట్టమధ్యాహ్నం పెట్టారు. ఎండ ఎంత ఎక్కువగా ఉంటే ప్యాంటు గొప్పతనం అంత తెలుస్తుందని మంత్రిగారి అభిప్రాయం. ఫిల్టరు ఒక చేత్తో థర్మల్ కెమెరా పట్టుకున్నాడు, అందులో కనిపించేదే లైవ్‌లో వెళ్తోంది. ఇంటి ఫోను జేబులో ఆగకుండా వణుకుతోంది. లైవ్‌లో ఉన్నప్పుడు ఫోను ఎత్తే అలవాటు అతనికి లేదు.

మంత్రిగారు నడిచారు. రెండు నీలిరంగు కాళ్ళు గదిలో అటూ ఇటూ తిరిగాయి. లైకులు, గుండెలు, చప్పట్లు ఫోను తెర మీద పొంగిపొర్లాయి. మంత్రిగారికి ఒక మంచి అలవాటుంది. లైవ్‌లో వచ్చే కామెంట్లను తనే స్వయంగా పైకి చదువుతారు. ప్రజలతో నేరుగా మాట్లాడినట్టుంటుందని.

"ఒక సోదరుడు, 'కాళ్ళా అవి, కొలనులా' అంటున్నాడు. ధన్యవాదాలు. ఇంకో సోదరి, 'ఏమండీ, ఫోనెత్తండి. మన వీధి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. నాకు కళ్ళు తిరుగుతున్నాయి' అంటోంది."

ఆ సోదరి ఎవరో ఫిల్టరుకు వెంటనే తెలిసింది. భర్త ఫోను ఎత్తకపోయినా ఈ లైవ్ మాత్రం తప్పక చూస్తూ ఉంటాడని ఆమెకు తెలుసు. అందుకే అక్కడ రాసింది. ఆ క్షణంలో అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. కెమెరా కిందపెట్టి పరిగెత్తాలనిపించింది, కానీ లైవ్ ఇంకా నడుస్తోంది.

మంత్రిగారు మాత్రం తడుముకోలేదు. పదవులు ఊరికే రావు. "ఆ సోదరి బాధ నా బాధ. ఆమెకు ఇప్పుడే రెండు జతల కూల్ ప్యాంట్లు పంపిస్తున్నాం," అన్నారు.

వెంటనే జవాబొచ్చింది. చదివే అలవాటు ఉంది గనక మంత్రిగారు అదీ పైకే చదివారు. "నాకు తొమ్మిదో నెలండీ. ప్యాంటు పట్టదు."

ఇక కామెంట్ల ధోరణి మారిపోయింది. ఆ గదిలో ఏసీ ఉందంటూ ఒకడు మొదలుపెట్టాడు. అతని వెనకే వంద మంది అందుకున్నారు. మంత్రిగారికి రోషం వచ్చింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అన్ని రోజులుగా చల్లగా కూర్చుని కూర్చుని, ఆ చల్లదనం ప్యాంటుదేనని ఆయన మనస్ఫూర్తిగా నమ్మడం మొదలుపెట్టారు. తెర వెనక ఏముందో మరిచేపోయారు.

"చూపించవయ్యా. గదంతా చూపించు. మన దగ్గర దాపరికం లేదు."

ఫిల్టరు గదంతా చూపించాడు. బోర్డు తగిలించిన పాత ఏసీ పసుపుపచ్చగా, నిర్దోషిగా కనిపించింది. గోడలు, బల్ల, ఇంజినీరు కనిపించారు. ఆ తరవాత మూలనున్న తెర వచ్చింది. తెరంతా చిక్కటి నీలం, దాదాపు నలుపు. అందులోంచి నీలపు పాయలు నేలమీదికి పాకుతున్నాయి. దాని పక్కన మంత్రిగారి ప్యాంటు అప్పటికే ఎర్రబడుతోంది. ఫిల్టరు చెయ్యి అక్కడ కాస్త ఎక్కువసేపే ఆగింది.

లైవ్ ఆపేశారు. మంత్రిగారు ఒకసారి తెరను, ఒకసారి ప్యాంటును చూసుకున్నారు.

"రాసుకో," అన్నారు. "ప్యాంటులో పుట్టిన చల్లదనం ప్యాంటులోనే ఉండిపోదు. క్రమంగా గదిలోకి వ్యాపిస్తుంది. ఆ మూలన పేరుకుంటుంది. ఇది శాస్త్రం. అవునా ఇంజినీరుగారూ?"

ఇంజినీరు పైకప్పు వైపు చూశాడు. దాన్ని సాంకేతిక ఆమోదంగా తీసుకున్నారు.

ఫిల్టరు వరండాలోకి వెళ్ళి ఇంటికి ఫోను చేశాడు.

"మాట్లాడే ఓపిక లేదండీ. అమ్మకిస్తున్నా," అంది భార్య. గొంతు వినపడీ వినపడనట్టుంది.

"అల్లుడుగారూ," అంది అత్తగారు, "పిల్ల వాలిపోతోంది. ఇక్కడ నీడ కూడా కాలుతోంది. వీధి వీధంతా బయటే కూర్చున్నారు. ఆస్పత్రికి ఫోను చేస్తే అక్కడా కరెంటు లేదంట. చల్లటి చోటు ఎక్కడైనా ఉంటే చెప్పండి బాబూ, ఎలాగోలా తీసుకొస్తాను."

ఫిల్టరు అద్దం తలుపులోంచి లోపలికి చూశాడు. తెరమీద మంత్రిగారి పొట్ట హాయిగా లేచి పడుతోంది.

"ఇప్పుడొక పోస్టు వస్తుంది అత్తయ్యగారూ. చివరి లైను చదవండి. అందరికీ చూపించండి," అన్నాడు.

శాస్త్రం గురించి మంత్రిగారు చెప్పిందంతా ఉన్నదున్నట్టు రాశాడు. చివర ఎప్పటి వాక్యం మొదటి అక్షరం నొక్కాడు. మిగతాది ఫోను పూర్తి చేసింది. పోస్టు చేసే ముందు అతని వేలు ఎప్పుడూ ఆగేది కాదు, ఈసారి ఆగింది. తరవాత గట్టిగా నొక్కాడు.

ఎండ తిరగకముందే వాళ్ళొచ్చారు. ముందు ఆటోలోంచి అత్తగారు దిగి, కూతుర్ని పొదివిపట్టుకుని మెట్లెక్కించింది. వెనక వీధంతా ఉంది. ఇస్త్రీ బండి ఆయన, జవాబు పత్రాల కట్టతో ఒక స్కూలు పంతులమ్మ, చంటిపిల్లల తల్లులు, ఊతకర్రతో ఒక తాతగారు, ఆయన్ను పట్టుకుని మనవరాలు. తలుపు దగ్గర ప్యూను స్టూలు మీంచి లేచాడు.

"ఎవరు కావాలి?"

"ఎవరూ వద్దు. తలుపులు తెరిచే ఉంటాయని రాశారు," అంటూ అత్తగారు ఫోను చూపించింది.

లోపలికొచ్చిన అత్తగారు మంత్రిగారికి నమస్కారం పెట్టింది. "మా వీధిలో బతకలేకపోతున్నాం బాబూ. మీ ప్యాంటు చల్లదనం ఆ మూలకి చేరుతోందంట కదా. కాసేపు కూర్చుని పోతాం. మిమ్మల్నేం ఇబ్బంది పెట్టం."

అందరూ ఆ మూలకు చేరి తెర దగ్గర సర్దుకున్నారు. ఫిల్టరు కుర్చీ లాగి భార్యను కూర్చోబెట్టి, సీసాలో నీళ్ళిచ్చాడు. ఆమె రెండు గుక్కలు తాగి కళ్ళు మూసుకుంది. కాసేపటికి ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. పొట్టమీద చెయ్యి వేసుకుని, "తంతోంది," అంది. అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆమె కళ్ళు తెరిచి గది మధ్యకు చూసింది.

"ఇదేనా ఆ ప్యాంటు?"

"ఇదే."

ఆమె ఇంకేం అడగలేదు. అడిగుంటే బాగుండేదనిపించింది అతనికి.

మంత్రిగారు కుర్చీలో కూర్చుని పరిస్థితిని అన్ని కోణాల నుంచీ పరిశీలించారు. వీళ్ళను పొమ్మంటే ప్యాంటు అబద్ధమని ఒప్పుకున్నట్టు. ఏసీ ఆపమంటే ప్యాంటు ఉన్నా గది వేడెక్కుతుంది. పోనీ తనే బయటికి వెళ్దామంటే, ప్యాంటు లేకపోయినా గది చల్లగానే ఉంటుంది. ఎటు చూసినా కదలకుండా కూర్చోవడమే దారి. ప్రజల మధ్య అంతసేపు కూర్చున్న మంత్రిని ఆ ఊరు అంతకుముందు చూడలేదు.

కానీ ఫ్రిజ్‌లోంచి తీసిన ప్యాంటు చలి ఇంకా ఒంట్లో ఉంది. అదీగాక, పొద్దున్నుంచి తాగిన చల్లటి నీళ్ళున్నాయి. మంత్రిగారు కాలుమీద కాలు వేసుకున్నారు. కాసేపటికి కాళ్ళు మార్చుకున్నారు. ఇక ఆగలేక బాత్రూం వైపు లేవబోయారు.

"వెళ్ళిపోతున్నారా బాబూ?" అంది అత్తగారు. "మీరు కదిలితే పిల్లకి మళ్ళీ ఉక్కపోస్తుందేమో."

"ఆయన్ను వెళ్ళనివ్వండమ్మా," అన్నాడు ఊతకర్ర తాతగారు. "పెద్ద మనిషి, ఎన్ని పనులుంటాయో. ప్యాంటు ఇక్కడ పెట్టేసి వెళ్తారు."

మంత్రిగారు కూర్చున్నారు. ఇంజినీరును దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"వీళ్ళ వీధికి ట్రాన్స్‌ఫార్మరు బిగించండి. ఇప్పుడే," అన్నారు చెవిలో.

"స్పేరు లేదు సార్. కొత్తది ఒక్కటే వచ్చింది. దాన్ని మన భవనానికి వేశాం."

"విప్పి అక్కడ వెయ్యలేరా?"

"వెయ్యొచ్చు. కానీ ఇక్కడ కరెంటు పోతుంది సార్." ఇంజినీరు తెర వైపు చూశాడు. "మరి మీకెలా?"

మంత్రిగారు కాళ్ళు మళ్ళీ మార్చుకున్నారు. నుదుటి మీద నరం ఉబ్బింది. జనమంతా తన వైపే చూస్తున్నారని గమనించి, ఈసారి పైకే అన్నారు.

"నాకేం? నాకు ప్యాంటుంది. ముందు ప్రజలకివ్వండి."

గదంతా చప్పట్లు మోగాయి. పంతులమ్మ జవాబు పత్రాలు ఒళ్ళో పెట్టుకుని మరీ కొట్టింది. ఫిల్టరు అలవాటు కొద్దీ ఫొటో తీశాడు, ఎప్పటిలా నడుము పైనే. మంత్రిగారు పదవి చేపట్టాక జనానికి అక్కరకొచ్చిన నిర్ణయం ఏదంటే చరిత్రకారులు దీన్నే చెప్పాల్సి ఉంటుంది. ఆ సమయంలో ఆయన రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా అదుముకుని ఉన్నారని కూడా వాళ్ళు రాస్తారో లేదో తెలియదు.

ఇంజినీరు బయటికెళ్ళాడు. కింద నుంచి లారీ చప్పుడు, నిచ్చెన వేసిన చప్పుడు వినిపించాయి. మంత్రిగారి పెదవులు ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు కదులుతున్నాయి.

ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. మూలన ఏసీ చప్పుడు ఆగింది. తెరమీది మంత్రిగారి పొట్ట ఒకసారి లేవబోయి, లేవలేక, మెత్తగా వాలి అలాగే ఉండిపోయింది. కాసేపటికి ఒక పిల్ల మెడ రుద్దుకుంది. తాతగారు చొక్కా గుండీ విప్పుకున్నారు. కుర్చీలోని మంత్రిగారి ముక్కు మీదుగా చెమట బొట్టు ఒకటి దిగి, బూడిదరంగు ప్యాంటు మీద పడింది.

అత్తగారు తెర మీద అరచెయ్యి ఆనించి చూసింది. తరవాత మంత్రిగారి ప్యాంటును కిందినుంచి పైదాకా ఒకసారి తేరిపార చూసి, కూతురి భుజం తట్టింది.

"ప్యాంటుకి కరెంటు పోయిందమ్మా. లే, మన వీధికి వస్తోంది."